నేర్చినది నిలుచునా?



మా ఏర్పేడు శ్రీకాళహస్తికిని రేణిగుంటకును నడుమనున్న ఊరు. గూడూరునుండి రేణిగుంటకు పోవు రైలుదారి మా ఊరిమీదుగానే సాగును. వయసు మీఱినవానికి రాత్రి నిద్ర తక్కువ. నేను పడకపై నుండియే బండ్లు వచ్చుచు పోవుచునుండు చప్పుడు వినుచుందును. ఒక్కొక్క బండిలో వేయిమందికి పైగా నిశ్చింతగా నిద్రించుచుందురు. వారి ప్రాణములన్నియు ముందు ఇంజనులో మేలుకొనియున్న ఇద్దఱి ఎఱుకమీద ఆధారపడియుండును. ఆ ఇద్దఱును పని నేర్చినవారే, పరీక్షలు గడచినవారే. అయినను ఏనాడో నేర్చిన యొక నియమము ఈ రాత్రి హఠాత్తుగా కావలసివచ్చినచో, అది వారి చేతికి అందునా? ఈ ప్రశ్ననే నేడు మీముందుంచ దలచితిని.

ఇది రైలు నడుపువానికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. కరెంటు స్తంభమెక్కు లైనుమనిషికి, పురుడుపోయు నర్సమ్మకు, చెరువుతూము దింపు నీరుగంటికి, బడిపంతులుకును చెందినదే. పని చెడినపుడు మనము సాధారణముగా రెండు మాటలలో నొకటి అందుము. వానికి పని రాదని యొకమాట. వానికి శ్రద్ధలేదని మఱియొకమాట. కాని మూడవమాట యొకటి కలదు. పని నేర్చినాడు, శ్రద్ధయు గలదు. అయినను నేర్చినది మెల్లగా జాఱిపోయినది. జాఱిపోయినట్లు వానికే తెలియదు. లోకమునకు మిక్కిలి కీడు చేయునది ఈ మూడవదియే యని నా అభిప్రాయము. ఏలయన, రానివాడు భయపడి వెనుకకు తగ్గును. శ్రద్ధలేనివానిని పదిమంది కనిపెట్టియుందురు. తనకు వచ్చుననుకొనువానిని ఎవ్వరును కనిపెట్టరు. అతడు తన్ను తాను అనుమానింపడు.

ఈ సత్యము నాకు పుస్తకమున దొరకలేదు. ఒక కోనేటిగట్టున దొరకినది. అది చెప్పుకొనుటకు సిగ్గుగానున్నను చెప్పెదను.

1986లో నేను ఉపాధ్యాయవృత్తియందు క్రొత్తగా ప్రవేశించినపుడు వారముదినములు ప్రథమచికిత్సలో శిక్షణ పొందితిని. నీట మునిగినవారికిని, కరెంటు తగిలినవారికిని, పాము కఱచినవారికిని చేయవలసిన ఉపచారములను మాకు నేర్పిరి. కడపట జరిగిన పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చెను. యోగ్యతాపత్రము నిచ్చిరి. దానికి అద్దము కట్టించి బడిలో నా గదిగోడకు వ్రేలాడదీసితిని. ఇరువదియైదేండ్లు గడచినవి. ఆ విద్యతో నాకు ఒక్కనాడును పని పడలేదు.

2011లో ఒకనాడు బడిపిల్లలను వెంటబెట్టుకొని దగ్గఱనున్న యొక పల్లెలోని గుడికి పోయితిమి. పదునొకండేండ్ల బాలుడొకడు కోనేటిమెట్లమీది పాచికి కాలుజాఱి నీటిలో పడెను. ఊరివాడొకడు దుమికి వానిని గట్టునకు చేర్చెను. బాలునకు ఊపిరి ఆడుట లేదు. పిల్లలందఱును నావంక చూచిరి. గోడమీది యోగ్యతాపత్రమును వారు దినమును చూచుచున్నవారే గదా!

నేను సంప్రదాయపండితుల కడ చదివినవాడను. కంఠస్థము చేయుట నాకు వెన్నతో బెట్టిన విద్య. ఆ శిక్షణపుస్తకమున నీటమునిగినవారిని గూర్చిన ప్రకరణపు మొదటివాక్యము తప్పులేకుండ ఆ క్షణమున నా నోటికి వచ్చెను. చేతులకు మాత్రము ఏమియు రాలేదు. వెల్లకిల పరుండబెట్టవలెనా, బోర్ల పరుండబెట్టవలెనా? ముందుగా నోట ఊపిరి ఊదవలెనా, ఱొమ్ము నొక్కవలెనా? చుట్టునున్నవారు కాళ్ళు పట్టి తలక్రిందులుగా త్రిప్పుమని కేకలు వేయుచుండిరి. నేను ఔననలేదు, కూడదనలేదు. నాకు జ్ఞప్తి లేదని కూడ చెప్పలేదు. ఇప్పటికిని నన్ను బాధించునది ఆ కడపటి సంగతియే.

ఆ పల్లెకు ఆనాడు పసిబిడ్డలకు టీకాలు వేయుటకై ఏ.ఎన్.ఎం. ఒకామె వచ్చియుండెను. పాతికేండ్లలోపు వయసు. ఆమె పరుగున వచ్చి, "పక్కకు రాండి అయ్యవారూ, ఎవరన్నా 108కి ఫోను చేయండి" అని బాలుని ప్రక్కన మోకాళ్ళపై కూర్చుండెను. వానిని చదునైన నేలమీద వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటితో అయిదుమాఱులు ఊపిరి ఊదెను. తరువాత ఱొమ్ము నడుమ అరచేతి మడమ నుంచి పైకి లెక్కపెట్టుచు ముప్పదిమాఱులు నొక్కెను; రెండుమాఱులు ఊదెను; మరల ముప్పది. ఆమె కంఠమున తొందర లేదు. కొంతసేపటికి బాలుడు దగ్గి, నీరు కక్కి, ఏడ్చెను. ఆ ఏడుపువంటి మంగళవాద్యమును నేను మఱెన్నడును వినలేదు. ఆ బాలుడు నేడు పెద్దవాడై తన కాళ్ళపై తాను నిలిచియున్నాడు.

మఱునాడు నేను ఆమె యింటికి పోయి, "అమ్మా, నీకింత నేర్పెట్లు వచ్చినది?" అని అడిగితిని. ఆమె నవ్వి, "నేర్పేముంది అయ్యవారూ! రెండునెలల కిందట మాచేత బొమ్మమీద చేయించినారు. అంతకుముందు గూడా చేయించినారు. తలకాయకు గుర్తులేకపోయినా చేతులకు గుర్తుంది" అనెను. ఆమె చదివినది నాకన్న ఎక్కువ కాదు. ఆమె తెలివి నా తెలివికన్న మిన్నయని కూడ నేననను. ఆమె పని చేసి రెండునెలలైనది. నేను చేసి ఇరువదియైదేండ్లైనది. భేదమంతయు అంతే.

నేను ఇంటికి వచ్చి ఆ యోగ్యతాపత్రమును గోడనుండి దింపితిని. అందున్నది అసత్యము కాదు. కాని అది 1986నాటి సత్యము. పత్రముమీది సిరా వెలవెలబోవుటను కన్నులు చూడగలవు. మనసులోని విద్య వెలవెలబోవుటను చూచుటకు కన్నులు లేవు.

మఱపు ఎట్లు పనిచేయునో ఇప్పుడు కొంత విచారింతము. జర్మనీదేశమున ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడుండెను. అతడు అర్థములేని అక్షరముల వరుసలను తానే వల్లించి, ఎంతకాలమునకు ఎంత మఱచితినో కొలిచి, 1885లో ఒక గ్రంథము ప్రకటించెను. అతని కొలత యిట్టిది: ఒక వరుసను మరల నేర్చుటకు మొదటికన్న ఎంత శ్రమ తగ్గినదో అంత మిగిలినట్లు లెక్క. గంట గడచునప్పటికే మొదటి శ్రమలో సగమునకు పైగా వ్యర్థమయ్యెను. ఒకదినము గడచునప్పటికి మూడింట రెండువంతులు పోయెను. నెలకు అయిదింట నాలుగువంతులు పోయెను. 2015లో హాలెండుదేశపు పరిశోధకులు ఈ పరీక్షను మరల చేయగా, రమారమి అవే ఫలితములు వచ్చినవి. ఇందు గమనింపదగినది, మఱపు మొదట వేగముగా పరుగెత్తి పిదప మెల్లగా నడచును. పాలకుండ కన్నము పడినవెంటనే ఎక్కువగా కారి, మట్టము తగ్గినకొలది సన్నగా కారునట్లు.

ఆ పండితుడే మఱియొకటి కనుగొనెను. ఒక వరుసను ఒకేదినమున 68 మాఱులు వల్లించినచో ఎంత ఫలమో, మూడుదినములపై పంచి 38 మాఱులు వల్లించినను అంత ఫలము వచ్చెను. అనగా శ్రమ సగమునకు దగ్గఱగా తగ్గినది. అభ్యాసమునకు పరిమాణముకన్న ఎడము ముఖ్యమని దీని భావము. వారముదినములు ఊపిరిసలుపక నేర్పి, ఇరువదియైదేండ్లు విడిచిపెట్టుట కంటె, ఆరునెలలకొక గంట నేర్పుట మేలు. ఱొమ్ము నొక్కి ఊపిరిపోయు ఉపచారము విషయమున వైద్యులు పలుమాఱులు పరీక్షించి చూచిరి. నేర్చిన కొలది నెలలలోనే నేర్పు సడలునని తేలినది.

అన్ని విద్యలును ఒకే తీరున జాఱిపోవునా? పోవు. మడక దున్నినవాడు పదేండ్లు పట్నమున నుండి వచ్చినను మడిలో దిగిన కొంతసేపటికే చాలు సరిగా తీయును. ఈత, సైకిలు తొక్కుట, చేద తోడుట ఇట్టివే. ఇవి శరీరము ఒకే ధారగా చేయు పనులు. ఒకదాని తరువాత నొకటిగా మెట్లుగల పనులు అట్లు నిలువవు. మా ప్రక్కనున్న శ్రీకాళహస్తి కలంకారీ పనియందే ఈ రెండును కలసియున్నవి. కలము పట్టి గీత గీయు నేర్పు చేతిలో చిరకాలముండును. కాని బట్టను కరక్కాయయు పాలును కలిపిన నీట నానబెట్టుట, ఇనుము బెల్లము ఊరవేసిన కసిమితో నల్లగీత వ్రాయుట, ఎఱ్ఱరంగు పట్టవలసినచోట పటికనీరు పూయుట, పాఱునీట ఉదుకుట, రంగుచెక్కతో ఉడికించుట అను మెట్లు పెక్కు గలవు. ఒక మెట్టు తప్పినను, ముందువెనుకలైనను, పటములో దేవుడు దేవుడుగా తేలడు. వారములు పడిన శ్రమ ఒక మఱచిన మెట్టుతో మట్టిపాలగును. బట్టయైనందున మరల నొకటి వ్రాయవచ్చును. ప్రాణమైనచో మరల తేలేము.

మఱియొక భేదము కలదు. దినమును చేయు పని నిలుచును. ఏండ్లకొకమాఱు వచ్చు పని పోవును. విచారింపదగినది ఏమనగా, అపాయము దినదినము వచ్చునది కాదు. అనగా మనకు మిక్కిలి అవసరమైన విద్యయే మిక్కిలి త్వరగా మఱచుటకు అనువైన విద్య. ఈ చిక్కును విప్పుటెట్లు?

మన పూర్వులు ఈ చిక్కు నెఱుగుదురు. అభ్యాసము లేని విద్య విషముతో సమానమని వారు తలచిరి; అది మొదట నాకు అతిశయోక్తిగా తోచెడిది, కోనేటిగట్టున అనుభవమునకు వచ్చినది. వ్రాతను నమ్మక వేదమును కంఠమున నిలుపదలచినవారు మనుష్యుని తెలివిని నమ్మలేదు. మఱచునని ముందే ఒప్పుకొని దానికి తగిన కట్టడి చేసిరి. గురువు చెప్పినదానిని శిష్యుడు సంతగా పలుమాఱులు చెప్పును. పిదప పదపాఠము, క్రమపాఠము, జట, ఘన అని ఒకే మాటలను వేర్వేరు కూర్పులలో వల్లించును. ఘనపాఠమున మూడుపదములను తీసికొన్నచో వరుస యిట్లుండును: 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3. ఒక్క పదము జాఱినను ముందునుండి వచ్చునపుడో వెనుకనుండి వచ్చునపుడో పట్టుపడక తప్పదు. అంతటితో విడువరు. పదిమంది కలసి వల్లింతురు; ఒకని తప్పును ప్రక్కవాని చెవి పట్టుకొనును. తుదివఱకు చదివినవాడును ఆవృత్తి మానడు. 2003లో యునెస్కో సంస్థ మన వేదపఠనసంప్రదాయమును మానవజాతి మౌఖికసంపదలలో నొకటిగా ప్రకటించినదన్న, అందు భక్తితో పాటు ఈ కట్టడికిని భాగమున్నది.

మా ఊర మలయాళస్వామివారు 1926లో వ్యాసాశ్రమమును స్థాపించి, కులభేదము స్త్రీపురుషభేదము చూడక సంస్కృతవిద్యకు తలుపులు తెఱచిరి. అట్టి విద్యాస్థానములలో నిన్నటి పాఠము అప్పగింపక నేటి పాఠము మొదలు కాదు. మేము బాలురమైయున్నపుడు ఆ అప్పగింత గురువుగారి కాఠిన్యమని విసుగుకొంటిమి. గురువు మా బుద్ధిని శంకించుటలేదనియు, మఱపును శంకించుచున్నాడనియు తెలిసికొనుటకు నాకు ముసలితనము రావలసివచ్చినది.

ఇప్పుడు మొదట చెప్పిన రైలుబండి వద్దకు మరలుదము. రైలువారును ఈ సంగతి నెఱుగనివారు కారు. వారి నియమములలో ఒకటి నాకు మిక్కిలి నచ్చినది. ఎంత అనుభవశాలియైన చోదకుడైనను, ఒక మార్గమున 3 నెలలకు మించి బండి నడపనిచో, ఆ దారిని మరల చూచి వచ్చిన పిదపనే అక్కడ బండి నడపవలెను. 3 మొదలు 6 నెలల ఎడబాటునకు ఒక పర్యాయము. 6 నెలలకు మించి 2 ఏండ్లవఱకు రెండు పర్యాయములు. 2 ఏండ్లకు మించినచో మూడు పర్యాయములు. ముప్పదియేండ్ల సేవ చేసినవానిని ఈ నియమము అవమానించుటలేదు. మనుష్యుడు మఱచునని ఒప్పుకొనుచున్నది. అదిగాక కొన్ని ఏండ్లకొకమాఱు శిక్షణశాలకు పంపి పాతపాఠములను మరల చెప్పింతురు.

అయినను అపాయము ఏ సందునుండి దూరునో చూడుడు. పెద్దదారులలో ఒక స్టేషనుకును మఱియొక స్టేషనుకును నడుమ తమంత తామే వెలుగు సిగ్నళ్ళు వరుసగా నుండును. అట్టి సిగ్నలు ఎఱ్ఱగానున్నపుడు చోదకుడు బండి నిలిపి, పగలైన 1 నిమిషము, రాత్రియైన 2 నిమిషములు ఆగి, పిదప మిక్కిలి మెల్లగా, పగలు గంటకు 15 కిలోమీటర్లు, చీకటిలో 10 కిలోమీటర్లు మించకుండ ముందుకు పోవలెను. ముందు మఱియొక బండి నిలిచియుండవచ్చునను శంకతో ఏర్పడిన నియమమిది. 2023 అక్టోబరు 29వ తేది రాత్రి విజయనగరము జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ, ముందు మెల్లగా పోవుచున్న పలాస బండిని వెనుకనుండి రాయగడ బండి ఢీకొనెను. 14 మంది మరణించిరి. చెడిన సిగ్నళ్ళవద్ద పాటింపవలసిన ఈ నియమము పాటింపబడలేదని ప్రాథమిక విచారణ తేల్చెను. ఆ బండి నడిపినవారును ఆ ప్రమాదముననే పోయిరి.

ఎనిమిదినెలలు తిరుగకముందే, 2024 జూన్ 17వ తేది, పశ్చిమబెంగాలులో రంగపాని అను స్టేషను దాటినచోట కాంచనజంగా ఎక్స్‌ప్రెస్సును వెనుకనుండి సరకుబండి ఢీకొనెను. ఆ ఉదయము సిగ్నళ్ళు చెడియుండెను. సిగ్నళ్ళు చెడినపుడు స్టేషనువారు చోదకునకు ఒక అనుమతికాగితము నిచ్చుట రివాజు. ఆ దినమున ఇచ్చిన కాగితమున ఎంత వేగమున పోవలెనో వ్రాసియుండలేదు. ఆ కాగితమునే పుచ్చుకొన్న పలువురు చోదకులు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా గ్రహించి వేర్వేరు వేగములతో బండ్లు నడిపిరి. కాంచనజంగా బండి నడిపినవారు నియమము చొప్పున మెల్లగా పోయిరి. వెనుకవచ్చినది వేగముగా వచ్చెను. రైలుభద్రతాధికారి విచారించి, అట్టి సిగ్నళ్ళు గల మార్గమున బండ్లు నడుపు విధానమును గూర్చి చోదకులకును స్టేషనుమాస్టర్లకును చాలినంత బోధన జరుగలేదని తన నివేదికలో చెప్పెను. మొదట చోదకునే నిందించినారు. పిదప తెలిసినదేమి? కాగితము వ్రాసినవారికిని, చదివినవారికిని, నేర్పవలసినవారికిని అందఱికిని ఆ అరుదైన పాఠము పలుచబడియున్నది. వల్లింపని పాఠము ఒకనికి మాత్రమే కాదు, పాఠశాలకంతకును మఱపునకు వచ్చును.

ఇట్టిదే మఱియొకటి మన విశాఖపట్టణమున జరిగెను. 2020 మే 7వ తేది తెల్లవాఱుజామున ఆర్.ఆర్. వేంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను అను విషవాయువు వెలువడి 12 మంది ప్రాణములు తీసెను. కరోనా లాక్‌డౌనుచేత కర్మాగారము అప్పటికి ఆరువారములుగా మూతబడియుండెను. రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికారసంఘము అందు అనేక లోపములను చూపెను: నిలువతొట్టిని చల్లబఱచు ఏర్పాటు చాలకపోవుట, భద్రతానియమముల అలక్ష్యము, పనివారికి తగిన అవగాహన లేకపోవుట మున్నగునవి. వానిలో ఒకటి నన్ను నిద్రపోనీయలేదు. ఆ ప్రాంగణమున అపాయసూచకమగు సైరను మ్రోగించుటకు 36 చోట్ల మీటలుండెను. ఒక్కటియు మ్రోగలేదు. మీట ఉన్నది, మనుష్యుడున్నాడు, నడుమ ఉండవలసిన అలవాటు లేదు. సైరను మ్రోగియుండినచో ఎందఱు బ్రతికియుందురోకదా యని తలచినపుడు, గోడమీది నా యోగ్యతాపత్రమే నాకు జ్ఞప్తికి వచ్చును.

పట్టణముల సంగతి మనకేల అందురేమో. మన చెరువుల సంగతి చూతము. పూర్వము ప్రతిగ్రామమునను నీరుగంటి యుండెడివాడు. ఏ వానకు ఎంత నీరు చేరునో, కలుజు ఎప్పుడు పాఱునో, తూము ఎంత ఎత్తవలెనో, కట్టకు బుంగపడినచో ఏవైపునుండి మూయవలెనో అతనికి చేతివిద్య. తరువాత బోరుబావులు వచ్చినవి. చెరువులు ఏండ్లకేండ్లు ఎండినవి. తూముల తలుపులు తుప్పుపట్టినవి. వానితోపాటు చేతులును తుప్పుపట్టినవి. 2021 నవంబరులో తిరుపతి ప్రాంతమున కుంభవృష్టి కురిసెను. ఎల్లప్పుడును ఇసుకతిన్నెలతో కనబడు స్వర్ణముఖి గట్లు తెగనిండి పాఱెను. రాయలచెరువు కట్టకు బుంగపడి, క్రింది గ్రామముల ప్రజలను రాత్రికిరాత్రి తరలింపవలసివచ్చెను. దైవకృపచేతను, బుంగ మూయుటకై కట్టమీద శ్రమించినవారి పూనికచేతను కట్ట నిలిచెను. ఆ దినములలో మన ఊళ్ళలో పలువురు ఒకరినొకరు అడిగిన ప్రశ్న యిది: "ఈ కలుజుకడ ఏమి చేయవలెనో తెలిసినవాడు ఎవడున్నాడు?" తెలిసినవానిని వెదకుటకు అది వేళ కాదు.

కావున గ్రామపెద్దలైన మీకు నేను విన్నవించునది నాలుగుమాటలు.

మొదటిది: పనివానిని "నీకు వచ్చునా?" అని అడుగకుడు. వచ్చుననియే అందఱును అందురు. అబద్ధమాడవలెనని కాదు, వచ్చుననియే నమ్ముదురు. "కడపటిమాఱు ఎప్పుడు చేసితివి?" అని అడుగుడు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చు జవాబు గోడమీది పత్రములన్నిటికన్న సత్యము చెప్పును. బడిలో మంటలార్పు ఎఱ్ఱసిలిండరు వ్రేలాడుచుండును. దాని పిన్ను లాగి చూచినవాడు ఎవడు? పంచాయతీ నీటితొట్టిలో క్లోరిను ఎంత కలుపవలెనో తెలిసినవాడు సెలవుపెట్టిననాడు కలుపువాడు ఎవడు?

రెండవది: అరుదైన పనిని సుఖముగానున్న దినములలో చేయించుడు. ఆరునెలలకొకమాఱు, ఒక గంట చాలును. వానకాలమునకు ముందు తూముతలుపు ఎత్తి దింపించుడు. ఆరోగ్యకేంద్రము వారిని పిలిపించి బడిలో బొమ్మమీద ఊపిరిపోయు పద్ధతిని చేయించుడు. చెప్పించుట వేఱు, చేయించుట వేఱు. నాకు చెప్పుట వచ్చును గాని చేయుట రాలేదని మీరు వినియే యున్నారు. ఇంతలో శాస్త్రమును మాఱుచుండును. నీటమునిగినవానిని తలక్రిందులుగా త్రిప్పుటగాని, పొట్ట నొక్కి నీరు కక్కించుటగాని కూడదని నేటి వైద్యులు చెప్పుదురు. ఆ కాలహరణముచేతనే ప్రాణము పోవును. ఆవృత్తి చేసినచో మఱచినది జ్ఞప్తికి వచ్చుటయే గాక, పాతబడినది సరిదిద్దబడును.

మూడవది: మెట్లుగల పనికి కాగితము వ్రాసి పని జరుగుచోటనే అంటింపుడు. కంఠస్థవిద్యయందు పెరిగిన నావంటివానికి కాగితము చూచుట చిన్నతనమని మొదట తోచెడిది. పద్యమునకు కంఠము చాలును. కరెంటు తీగకు చాలదు. సరఫరా నిలిపితినా, నిలిచినదని పరీక్షించితినా, తీగను భూమికి కలిపితినా అని మూడుపంక్తులు చదివి స్తంభమెక్కువాడు సాయంకాలము ఇంటికి వచ్చును. చదువునపుడు ప్రక్కన నొకడు వినుచుండుట మఱింత మేలు. ఘనపాఠము చెప్పువాని ప్రక్కన మఱియొకడుండునట్లు.

నాలుగవది అన్నిటికన్న కష్టమైనది. "నాకు జ్ఞప్తి లేదు" అని చెప్పినవానిని నవ్వకుడు. మన ఊళ్ళలో మఱచినవానిని ఎగతాళి చేయుదుము. అందుచేత వాడు మఱపును దాచును. దాచిన మఱపు అపాయవేళ బయటపడును. కోనేటిగట్టున ఆ నాలుగక్షరములు నేను పలికియుండినచో, ఆ యమ్మాయి రాకపూర్వమే ఇంకొకరెవరైనను ముందుకు వచ్చియుందురేమో! పిల్లలముందు పంతులు గౌరవము పోవునని నోరు మూసికొంటిని. ఒక గౌరవమునకు ఒక ప్రాణము వెల యైయుండెడిది.

ఇట్లు చెప్పినంతమాత్రమున తప్పుచేసినవానికి బాధ్యత లేదని నా భావము కాదు. త్రాగి బండి నడుపువానిని, తెలిసి నియమము దాటువానిని శిక్షింపవలసినదే. కాని మఱచినవానిని శిక్షించినంతమాత్రమున ప్రక్కవానికి జ్ఞప్తి కలుగదు. వానికి ఆవృత్తి కావలెను. ఆవృత్తికి గంట కావలెను. ఆ గంటకు కూలి కావలెను. దానిని దండుగ యనుకొనని పెద్దలు కావలెను. పొలమున పంట లేని నెలలలో కొడవలికి పదును పెట్టించుట దండుగ యని మనలో నెవ్వరును అనరు గదా!

పదవీవిరమణ చేసిన పిదప నేను ఒక నియమము పెట్టుకొంటిని. ఆరునెలలకొకమాఱు ఆరోగ్యకేంద్రమునకు పోయి, అక్కడి బొమ్మముందు నా మోకాళ్ళు నొప్పిపుట్టినను కూర్చుండి, పైకి లెక్కపెట్టుచు, నిమిషమునకు 100కు తగ్గక 120 మించక ముప్పదిమాఱులు నొక్కి వచ్చుచున్నాను. అక్కడి పిల్లలు, "అయ్యవారూ, మీకింక ఎందుకివన్నీ" అందురు. ప్రతిపర్యాయమును ఏదో యొక మెట్టు తప్పుచున్నాను. ప్రతిపర్యాయమును వారు దిద్దుచున్నారు. అరువదియేండ్లు దాటి శిష్యుడనగుట నాకు అవమానముగా లేదు.

ఈ రాత్రియు మా ఊరిమీదుగా బండ్లు పోవును. వానిని నడుపువారికి ఏనాడో నేర్చిన పాఠము ఈనాటిదిగానే యుండుగాక యని కోరుచు, మీ గ్రామమున అట్టి పాఠములు ఎన్ని అప్పగింతకు మిగిలియున్నవో రేపు ఉదయము రచ్చబండకడ ఒకమాఱు లెక్కచూచుకొండని వేడుచు, సెలవు తీసికొనుచున్నాను.